ఫ్యాన్లు పన్నెండు, ఫెలో ఒకటి

మా విశ్వవిద్యాలయంలో కమ్యూనికేషన్ శాఖ ఒకటి ఉందన్న సంగతి చాలామందికి తెలియదు. నలుగురికీ తెలియజెప్పడమెలాగో నేర్పే శాఖ కాబట్టి ఆ తప్పు మాదేనని ఒప్పుకోక తప్పదు. మూడో అంతస్తు చివర, ఎండ నేరుగా నెత్తిన దిగే చోట ఉంటుంది మా శాఖ. ఏప్రిల్లో అక్కడ పాఠం చెప్పడమంటే పెనం మీద నిలబడి హరికథ చెప్పడమే. సీలింగుకు కొక్కేలున్నాయి, ఫ్యాన్లు లేవు. పరిశోధకుల గదిలో కుర్చీలున్నాయి, పరిశోధకులు లేరు. నేనక్కడ గెస్టు ఫ్యాకల్టీని. అతిథి దేవుడితో సమానమంటారు కదా, దేవుడికి జీతమెందుకని మావాళ్లు తరచుగా మరచిపోతుంటారు.

అలాంటి శాఖ మీద ఒక మార్చి నెలలో మలయమారుతం ఫ్యాన్స్ ప్రైవేట్ లిమిటెడ్ వారి చల్లని చూపు పడింది. కంపెనీలు లాభాల్లో కొంత సమాజం కోసం ఖర్చు పెట్టి తీరాలన్న చట్టం ఒకటి ఉంది. ఆర్థిక సంవత్సరం ముగిసిపోతుంటే వాళ్లు సమాజం ఎక్కడుందా అని వెతుక్కుంటూ, చెమటలు కక్కుకుంటూ మా మూడో అంతస్తు దాకా ఎక్కొచ్చారు. ఫ్యాన్లు పన్నెండు ఇస్తామన్నారు. ఫ్యాన్లు మాత్రమే ఇస్తే పాత సరుకు వదిలించుకున్నారని లోకం అనుకుంటుంది కాబట్టి, మూడేళ్లపాటు ఒక పీహెచ్‌డీ విద్యార్థికి ఫెలోషిప్ కూడా ఇస్తామన్నారు.

ఒప్పందం రోజున సభ ఘనంగా జరిగింది. వేదిక మీద ఎక్కువమంది, కింద తక్కువమంది ఉండటం మా సభల పద్ధతి. శాలువాలు కప్పడం అయ్యాక కంపెనీ ఎండీ గారు మైకు పట్టుకుని, "గాలి కంటికి కనపడదు, మాట కూడా కంటికి కనపడదు. అందుకే గాలి కంపెనీ మాటల శాఖను దత్తత తీసుకుంటోంది" అన్నారు. మా శాఖాధిపతి ప్రొఫెసర్ విశ్వంభరరావు గారి కళ్లు చెమర్చాయి. ఆయన లేచి, "ఇది కేవలం ఫ్యాన్ల వితరణ కాదు. పరిశ్రమకూ విద్యారంగానికీ నడుమ సంభవిస్తున్న ఒక చారిత్రాత్మక పవన ప్రసారం" అన్నారు. మేం చప్పట్లు కొట్టాం. చప్పట్లతో కాస్త గాలి కూడా తగిలింది.

ఫ్యాన్లకో ఒప్పందం, ఫెలోకో ఒప్పందం వేరువేరుగా రాయాలి నిజానికి. కానీ రెండు ఒప్పందాలంటే రెండు ఫైళ్లు. మా దగ్గర రెండు ఫైళ్లు ఒకే అధికారి బల్ల మీద ఒకేరోజు కలుసుకోవడం గ్రహణం కంటే అరుదు. అందుకని ఒకే కాగితంలో పన్నెండు ఫ్యాన్లూ, పదమూడో అంశంగా ఫెలో అని రాసి, కంపెనీ మామూలుగా ఫ్యాన్ల సరఫరాకు వాడే నిబంధనలు కింద తగిలించి, "పై పదమూడింటికీ ఇవి సమానంగా వర్తించును" అని ముగించారు. ఎవరూ చదవలేదు. ఫైలు చదవడమంటే తనకంటే ముందు సంతకం పెట్టినవాణ్ణి అనుమానించడమే కాబట్టి మర్యాదస్తులెవరూ ఆ పని చేయరు.

ఫెలోగా ఎంపికైన అమ్మాయి పేరు మ్యాకల నవనీత. గొర్లు కాసుకునే ఇంట్లోంచి వచ్చింది. మా దగ్గర ఎంఏలో అందరికంటే బాగా చదివింది, అందరికంటే ఎక్కువ ప్రశ్నలడిగి మమ్మల్ని అందరికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టింది. పశువుల అంగట్లో బేరగాళ్లు తువ్వాల కింద చేతులు పెట్టి, వేళ్లు పట్టుకుని, నోరు మెదపకుండా ధర తేల్చుకుంటారే, ఆ వేళ్ల భాష మీద పరిశోధన చేస్తానంది. నాకు ముచ్చటేసింది. విశ్వంభరరావు గారికి మాత్రం గొర్రెల వాసన వచ్చినట్టయి ముక్కు కొద్దిగా ముడుచుకుంది.

సరుకు దిగిన రోజున స్టోర్స్ సూపరింటెండెంట్ లింగమూర్తి మా అంతస్తుకు వచ్చాడు. యూనివర్సిటీలో ఏ కుర్చీ కింద చూసినా తెల్లరంగుతో ఒక నంబరు ఉంటుంది చూడండి, ఆ నంబర్లన్నీ ఆయన చేతి మీదుగా వేసినవే. ఒకసారి వైస్ చాన్సలర్ గారికి ఎవరో బహూకరించిన వెండి నాగలి మీద కూడా నంబరు వేసి, అది బాగా ఆరాకే ఆయన చేతికిచ్చాడు.

"ఫ్యాన్లు పన్నెండొచ్చినయ్. చలానాల పదమూడున్నది. ఇంకోటేది సార్?" అన్నాడు లింగమూర్తి.

"పదమూడోది ఫెలో" అన్నారు విశ్వంభరరావు గారు.

"ఏడున్నది?"

గుమ్మం దగ్గర సంచీ భుజాన వేసుకుని నిలబడ్డ నవనీత, "నేనే సార్" అంది.

లింగమూర్తి ఆమెను పైనుంచి కిందికి చూశాడు. రవాణాలో ఏమైనా దెబ్బ తగిలిందేమోనని చూస్తున్నట్టు ఉంది ఆ చూపు. "ప్యాకింగ్ లేకుంటనే పంపిన్రా?" అని అడిగాడు.

"ఏంది సార్, నేను మనిషిని గదా!"

"గది నాకు కనబడ్తలేదా బిడ్డా? నాకు కండ్లున్నయ్. గని కాగితం ఏమంటున్నదో నేను అదే జెయ్యాలె. బయటి కెల్లి వచ్చింది ఏదన్న గానీ, స్టాకుల ఎక్కాలె. ఎక్కకుంటె ఆడిట్‌ల నా మెడకు సుట్టుకుంటది. నీ మీద నాకేం కోపమున్నది చెప్పు?"

నిజమే, ఆయనకు ఆమె మీద ఏ కోపమూ లేదు. అంత శ్రద్ధగా, అంత నిష్కల్మషంగా రంగుడబ్బా మూత తీస్తున్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు. నంబరు ఎక్కడ వేయాలన్న దగ్గర కాస్త చర్చ జరిగింది. విశ్వంభరరావు గారు కల్పించుకుని, "మానవ గౌరవానికి విఘాతం కలగని రీతిలో, తొలగించుటకు వీలులేని విధంగా" వేయాలని మధ్యేమార్గం సూచించారు. చివరికి సంచీ మీద వేశారు. మెడలో వేసుకోవడానికి ఒక బిళ్ల కూడా ఇచ్చారు. మా.క.శా. 13. మానవీయ కళాశాల, కమ్యూనికేషన్ శాఖ, పదమూడు.

నవనీత పకపకా నవ్వింది. "పోనియ్యుండ్రి సార్. హాల్ టికెట్ మీద గూడ నంబరే గదా ఉండేది" అంది నాతో.

నేనూ నవ్వాను. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నాడట వెనకటికెవడో. ఆ వెనకటివాడు ఏదో ఒక విశ్వవిద్యాలయంలో ఉద్యోగి అయ్యుంటాడని నాకు ఆ రోజు అనుమానం తగిలింది.

మొదటి గురువారమే గొడవ వచ్చింది. నవనీత పరిశోధనకు అంగడికి పోవాలి. గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఆమె మెడలో బిళ్ల చూసి ఆపేశాడు. యూనివర్సిటీ సామాను గేటు దాటాలంటే స్టోర్స్ వాళ్లిచ్చే గేటు పాసు కావాలి. ఆమె మళ్లీ లోపలికి వచ్చి లింగమూర్తిని అడిగింది. ఆయన విసుక్కోకుండా రాసిచ్చాడు. "వాపసు వచ్చే వస్తువు. కారణం: గొర్రెలు."

సాయంత్రం ఆమె తిరిగొచ్చినప్పుడు సెక్యూరిటీ అతను పాసు వెనక ఉన్న గడి నింపాలి. వస్తువు వెళ్లినప్పటి స్థితిలోనే తిరిగి వచ్చినదా? ఆమె చెప్పులకు బురద, చున్నీకి ఉన్ని పోగులు అంటుకుని ఉన్నాయి. అతను చాలాసేపు ఆలోచించి, "స్వల్ప మరకలు, వాసన కలదు, పనిచేయుచున్నది" అని రాశాడు.

అలా ప్రతి గురువారం. ఆమె అంగడిలో బేరగాళ్ల పక్కన కూర్చుంటుంది, తువ్వాల కింద చేయి పెట్టడం నేర్చుకుంటుంది, రాసుకుంటుంది, చీకటి పడకముందే స్టోర్స్ గదికి వచ్చి తనను తాను అప్పజెప్పుకుంటుంది. కొన్నాళ్లకు లింగమూర్తి ఆమెను పదమూడు అని పిలవడం మొదలుపెట్టాడు. ప్రేమగానే పిలిచేవాడు. "పదమూడూ, ఛాయ్ తాగుతవా బిడ్డా?" అనేవాడు. తర్వాత విశ్వంభరరావు గారు ఉత్తరాల్లో ఐటమ్ నంబర్ 13 అని రాయడం మొదలుపెట్టారు. ఏడాది తిరిగేసరికి ఆమె పేరున్న కాగితం ఒక్కటీ మా శాఖలో లేదు. లైబ్రరీ కార్డు కూడా నంబరు మీదే వచ్చింది.

ఆ ఏడాది చివర్లో కంపెనీ నుంచి సామాజిక బాధ్యతల మేనేజర్ తనిఖీకి వచ్చాడు. హర్షిత్ అని పాతికేళ్ల కుర్రాడు, చాలా మర్యాదస్తుడు, ట్యాబు పట్టుకుని ప్రతి ఫ్యాను కిందా ఆగి గడులు నింపుకుంటూ వచ్చాడు. తిరుగుతోందా? ఊగుతోందా? గాలి చివరి బెంచీ దాకా చేరుతోందా? మా ఫ్యాన్లలో సగం అప్పటికే మూలుగుతున్నాయి, మూడు మౌనవ్రతం పట్టాయి. ఆయన దిగులుగా పదమూడో అంశం దగ్గరకు వచ్చాడు. నవనీత కూర్చుని రాసుకుంటోంది.

"సార్, ఇది తిరగట్లేదు కదా?" అన్నాడు నొచ్చుకుంటూ.

"అది మనిషండీ" అన్నాను నేను.

"అర్థమైంది సార్. కానీ గడి ఖాళీగా వదిలేస్తే ఫారం ముందుకు పోదు. సిస్టమ్ ఒప్పుకోదు."

విశ్వంభరరావు గారు ఎంత గొప్ప పరిపాలకులో నాకు అప్పుడే అర్థమైంది. ఆయన తొణక్కుండా ఏడాది గేటు పాసులన్నీ తెప్పించి హర్షిత్ ముందు పరిచారు. "ప్రతి గురువారం తిరిగినది. సాక్ష్యాధారాలతో సహా తిరిగినది. మీ పన్నెండు ఫ్యాన్లు కలిపి తిరిగినదానికంటే ఇది ఒక్కటే ఎక్కువ దూరం తిరిగినది" అన్నారు.

హర్షిత్ ముఖం వెలిగిపోయింది. తిరుగుతోంది అన్న గడిలో టిక్కు పెట్టాడు. ఊగడం లేదు. గాలి సంగతి వర్తించదు. ఆ తర్వాత కంపెనీ వార్షిక నివేదికలో, తమ సరుకులో ఏడాదంతా ఒక్క ఫిర్యాదు కూడా రాని మోడల్ ఇదేనని నవనీత ఫోటో వేశారు. కింద పేరు లేదు. నంబరుంది, కంపెనీ గుర్తుంది.

నవనీత ఆ ఫోటో నాకు చూపించింది. ఈసారి నవ్వలేదు. "మా నాయిన అడిగిండు సార్, గింత మంచిగ ఫోటో ఏసిన్రు, నీ పేరేది బిడ్డా అని. మా ఇంట్ల మా నాయిన పేరు రేషన్ కార్డు మీద తప్ప ఏడ లేదు. మా అమ్మ పేరు అండ్ల గూడ తప్పే. అందుకే ఏం జేసినా సరే, థీసిస్ అట్ట మీద మాత్రం మ్యాకల నవనీత అనే ఉండాలె. గంతే, ఇంకేం వద్దు నాకు" అంది.

"ఉంటుందిలేమ్మా, ఎందుకుండదు?" అన్నాను. నాకు ఆ నమ్మకం నిజంగానే ఉండేది.

మూడేళ్లు పూర్తయ్యాయి. థీసిస్ పూర్తయింది. ఆరు అధ్యాయాలు నేను చదివాను. ఏడోది చివర్లో రాసిందట, నాకు చూపించలేదు. చదివినంతవరకు, మా శాఖ పుట్టాక ఇలాంటి పని జరగలేదని నేను ఒట్టేసి చెప్పగలను. థీసిస్ సమర్పించే ముందు అన్ని విభాగాల నుంచీ బాకీ లేదన్న పత్రాలు తేవాలి. లైబ్రరీ ఇచ్చింది, హాస్టల్ ఇచ్చింది. స్టోర్స్‌లో లింగమూర్తి పెన్ను తీశాడు, మళ్లీ మూత పెట్టాడు.

"నీ తాన ఏం బాకీ లేదు బిడ్డా. గని నువ్వే యూనివర్సిటీ సామానువు. సామానుకు బాకీ లేదని ఎట్ల రాయాలె?" అన్నాడు. ఆయన నిజంగా బాధపడ్డాడు. భోజనం కూడా సరిగ్గా చేయలేదని తర్వాత తెలిసింది.

ఉన్నత స్థాయి కమిటీ కూర్చుంది. రిజిస్ట్రార్ గారు అధ్యక్షులు. శాఖ తరఫున విశ్వంభరరావు గారు, ఆయన సంచీ మోయడానికి నేను. రిజిస్ట్రార్ గారు కళ్లజోడు సర్దుకుని, "స్టాకులో ఉన్న వస్తువుకు పట్టా ప్రదానం చేయవచ్చునా అన్నది మౌలిక ప్రశ్న" అన్నారు. అప్పుడు విశ్వంభరరావు గారు వ్యవసాయ క్షేత్రంలో పాత తగాదా ఒకటి గుర్తు చేశారు. యూనివర్సిటీ తోటలో చెట్లు కాసిన మామిడికాయలు తోటమాలివా, యూనివర్సిటీవా అని పదేళ్ల కింద ఒక తగువు నడిచి, యూనివర్సిటీవేనని తీర్మానం అయింది.

"చెట్టు కాసిన కాయ చెట్టుది కాదు. ఆ న్యాయం ప్రకారం ఐటమ్ నంబర్ 13 ఉత్పత్తి చేసిన థీసిస్ ఐటమ్ నంబర్ 13ది కాదు. అది సంస్థ ఉత్పత్తి. తత్సంబంధిత డాక్టరేటు కూడా సంస్థ ప్రతినిధికే సంక్రమిస్తుంది" అన్నారాయన.

"ఆ ప్రతినిధి ఎవరు?" అన్నారు రిజిస్ట్రార్ గారు.

విశ్వంభరరావు గారు నేల చూపులు చూస్తూ, "శాఖాధిపతిగా ఆ బరువు నేనే మోయక తప్పదేమో" అన్నారు.

వివరాలు చెప్పడానికి పిలిచిన లింగమూర్తి ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు. "ఎట్లెట్ల సార్? స్టాకు నా పేరు మీదున్నది. పోతే నా జీతంల కోస్తరు. పోతే నాది, వస్తే మీదా?"

ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. మూడేళ్లు ఎండలో, బురదలో, గొర్రెల మధ్య కూర్చుని ఆ పిల్ల చేసిన పనిని ఇద్దరు పెద్దమనుషులు బొప్పాయిపండులా కోసుకు తినబోతున్నారు. నేను లేచి, "ఆ అమ్మాయి మనిషి సార్. ఎవరైనా ఒక్కసారి ఆమె వైపు చూడండి, చాలు" అన్నాను. గొంతు కూడా పెరిగింది. అతిథి సభ్యుల అభిప్రాయాలు నమోదు చేయుటకు వీలుపడదని రిజిస్ట్రార్ గారు నమోదు చేయించారు.

తలుపు దగ్గర నిలబడ్డ నవనీత అడిగింది. "సార్, నన్ను స్టాకుల కెల్లి తీసేస్తరా? అప్పుడు నేను సామాను గాదు గదా?"

రిజిస్ట్రార్ గారికి ఈ మాట నచ్చింది. స్టాకులోంచి తీసేయడానికి రాచమార్గం ఒకటుంది. కంపెనీ ఇచ్చిన మూడేళ్ల గడువు తీరింది కాబట్టి పదమూడు అంశాలూ కాలం చెల్లిన వస్తువుల కిందికి వస్తాయి. కాలం చెల్లిన వస్తువులను బహిరంగ వేలం వేయాలి. ఆ సాయంత్రమే ప్రకటన తయారైంది. "కాలం చెల్లిన సీలింగు ఫ్యాన్లు పన్నెండు, ఫెలో ఒకటి. థీసిస్ సహితము, సమర్పణ, వైవా మాత్రమే మిగిలియున్నవి. కొన్నవారికి వస్తువు మీదను, దాని ఉత్పత్తి మీదను సర్వహక్కులు సంక్రమించును."

"మనిషిని వేలం వేస్తారా?" అని అరిచాను నేను.

"ఆవేశపడకండి. మనిషిని వేలం వేయడం చట్టవిరుద్ధమని మాకు తెలియదా?" అన్నారు రిజిస్ట్రార్ గారు. "మేము వేలం వేస్తున్నది ఐటమ్ నంబర్ 13ని."

యూనివర్సిటీ విరిగిన బెంచీల వేలానికి మామూలుగా పాతసామాన్ల గౌస్ భాయ్ ఒక్కడే వస్తాడు. ఆ రోజు స్టోర్స్ ఆవరణలో కార్లు పట్టలేదు. తనిఖీ బృందానికి చూపించడానికి అర్జంటుగా ఒక డాక్టరేటు కావలసిన ప్రైవేటు కాలేజీ కరస్పాండెంటు వచ్చాడు. ఫ్లెక్సీల మీద పేరుకు ముందు డాక్టర్ అని వేయించుకోవాలని ఎప్పటి నుంచో ముచ్చట పడుతున్న ఒక నాయకుడు మనుషులతో సహా వచ్చాడు. విశ్వంభరరావు గారి బామ్మర్ది ముకుందం మామిడి తోట అమ్ముకొచ్చానని చెప్పుకుంటున్నాడు. నవనీత ఫ్యాన్ల పక్కన ఒక కుర్చీలో థీసిస్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏం చేయాలో తెలియక వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాను.

"ఏడ్వకుండ్రి సార్. అంగట్ల జీవాన్ని కొనేముందు నోరు తెరిచి పండ్లు చూస్తరు. వీళ్లను గూడ చూసుకోమనుండ్రి" అంది మెల్లగా.

లింగమూర్తి గొంతు సవరించుకుని, "పాటకు ముందు సామాను తనిఖీ చేస్కోవచ్చు" అని ప్రకటించాడు. అది నిబంధనే.

ముందుగా నాయకుడు వచ్చాడు. "ఇండ్ల ఏమున్నదమ్మా?" అన్నాడు థీసిస్ వైపు చూపిస్తూ.

"కొన్నంక వైవాల మీరే చెప్పాలె అన్నా. అడుగుతరు గదా, తయారుగున్నరా? తువ్వాల కింద ఒక్క వేలు పట్టుకుంటె ఎంత?"

"ఒకటి. గంతే గదా!" అన్నాడు నాయకుడు ధీమాగా.

"ఒకటి ఏంది? పదా, నూరా, వెయ్యా? ముసలి గొర్రెకా, సూడి గొర్రెకా? ఒక్కో జీవానికి ఒక్కో తీరు. అట్ల నాలుగు వందల పేజీలున్నయ్. పరీక్షకు బయటోళ్లొస్తరు, పత్రికలోళ్లను గూడ నేనే పిలుస్త. మీరు నిలబడి చెప్తుంటె నేను ముందు వరసల కూసొని వింట."

నాయకుడు వెనక ఉన్న తన మనుషుల వైపు చూశాడు. వాళ్లు ఆకాశం వైపు చూశారు. ఏదో ఫోను వచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుని ఆయన కారు దాకా నడుచుకుంటూ వెళ్లి, ఎక్కి, వెళ్లిపోయాడు.

కరస్పాండెంటు తెలివైనవాడు. "నాకు వైవా గివా అక్కర లేదమ్మా. మా కాలేజీలో నీ డాక్టరేటు గోడకు ఉంటే చాలు. నువ్వు కూడా వచ్చి ఓ మూల కూర్చో. నోరు మాత్రం మెదపొద్దు" అన్నాడు.

"నేను మెదుపుత సార్" అంది నవనీత. "తనిఖీకి ఎవరొచ్చినా చెప్త. పిల్లలకు గూడ చెప్త. నన్ను కొన్న రసీదు మెడల ఏసుకోని క్లాసుకు పోత. పొద్దుగాల ప్రార్థన కాడ మైకు పట్టుకోని గూడ చెప్త. నాకు మూడేండ్ల సంది నేర్పింది అదే గదా సార్, నలుగురికి తెలిసేటట్టు చెప్పుడు."

కరస్పాండెంటు రెండడుగులు వెనక్కి వేశాడు. ఇక మిగిలింది ముకుందం. ఆయన మొహమాటపడుతూ, "మాది ఇంటి వ్యవహారం. మా బావ అన్నీ చూసుకుంటాడు. నువ్వేం దిగులు పెట్టుకోకు" అన్నాడు.

"మంచిది సార్. అయితే ఏడో అధ్యాయం ఒక్కటి మీ బావకు చదివి వినిపియ్యుండ్రి, ఈడనే" అని ఆమె థీసిస్ తెరిచి అందించింది.

ముకుందం పైకి చదవడం మొదలుపెట్టాడు. ఒక విశ్వవిద్యాలయం మనిషికీ ఫ్యానుకూ తేడా గుర్తుపట్టలేకపోయిన వైనం, నంబరు వేసిన రోజు, గేటు పాసులు, తిరుగుతోంది అన్న గడి, కమిటీ అయ్యాక కొత్తగా చేర్చిన మామిడికాయల తీర్పు, ఎవరేమన్నారో అన్నీ ఉన్నాయి అందులో. విశ్వంభరరావు గారి చారిత్రాత్మక పవన ప్రసారం కూడా ఒక్క అక్షరం పొల్లుపోకుండా ఉంది. జనం ఒకరినొకరు పొడుచుకుంటూ నవ్వడం మొదలుపెట్టారు. ఈ అధ్యాయాన్ని కొన్నవాడే వైవాలో నిలబడి సమర్థించాలన్న సంగతి బావాబామ్మర్దులిద్దరికీ ఒకేసారి తట్టినట్టుంది. విశ్వంభరరావు గారు ముకుందం చేతిలోంచి థీసిస్ లాక్కుని, వేడి పెనం పట్టుకున్నట్టు గబుక్కున నవనీత ఒళ్లో పడేశారు.

"పాట మొదలు. ఐటమ్ నంబర్ పదమూడు!" అన్నాడు లింగమూర్తి.

ఎవరూ పలకలేదు. గౌస్ భాయ్ ఫ్యాన్లు మాత్రం తీసుకున్నాడు. పదమూడోది కూడా కలిపి తీసుకోమని రిజిస్ట్రార్ గారు బతిమాలితే ఆయన చెవులు పట్టుకున్నాడు. "తోబా తోబా. ఇనుము కొంట, ఇత్తడి కొంట. ఒకరి ఆడపిల్లను కొనుడేంది సార్? మీరు చదువుకున్నోళ్లేనా అసలు?" అన్నాడు. ఆ మాట కూడా నమోదు కాలేదు.

లింగమూర్తి నిబంధనల పుస్తకం తిరగేశాడు. ఎవరూ కొనని వస్తువును, ఎవరు సొంత ఖర్చుతో తీసుకుపోతే వాళ్లకు ఉచితంగా ఇచ్చేయాలని ఉంది. "ఎవలన్న తీస్కపోతరా?" అని అరిచాడు.

"నేను తీస్కపోత" అంది నవనీత.

లింగమూర్తి ఊపిరి పీల్చుకున్నాడు. మూడేళ్ల చిక్కు తీరిపోతోంది. "అయితే తీస్కపోయేటోళ్లు ఈడ సంతకం పెట్టాలె" అని పుస్తకం ముందుకు జరిపాడు. నవనీత మెడలోంచి బిళ్ల తీసి బల్ల మీద పెట్టింది. పెన్ను తీసుకుని, తొందరపడకుండా, ఒక్కో అక్షరం గుండ్రంగా, పూర్తి పేరు రాసింది. లింగమూర్తి కళ్లజోడు పెట్టుకుని ఆ పేరు చదివాడు. మళ్లీ చదివాడు.

"మ్యాకల నవనీత" అన్నాడు. చుట్టూ చూశాడు. "ఎవలు బిడ్డా ఈమె? రమ్మను, సామాను అప్పజెప్పాలె."

"నేనే సార్."

"నువ్వు పదమూడువు గదా?"

నవనీత ఆయన వైపు కాసేపు చూసింది. మూడేళ్లు ఛాయ్ పోసిన మనిషి. ఆమెకు కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. "పోయొస్త సార్" అని, థీసిస్ చంకన పెట్టుకుని, గేటు వైపు నడిచింది.

లింగమూర్తి కంగారుగా లేచాడు. తీసుకుపోయేవాళ్లు దొరికారు గానీ అప్పజెప్పాల్సిన సామాను నడిచి వెళ్లిపోతోంది. "పదమూడూ! ఓ పదమూడూ! ఆగు బిడ్డా!" అని ఆవరణంతా మోగేలా అరిచాడు.

నవనీత వెనక్కి తిరగలేదు. ఎవరినో పిలుస్తున్నారనుకుంది.